వేలాడే వేటపిట్టను ఆయిల్స్‌లో వేయడం ఎలా?

పదిహేడో శతాబ్దపు డచ్ పద్ధతిలో వేటపిట్టల, అంటే వేటాడి చంపి వేలాడదీసిన పిట్టల బొమ్మ ఆయిల్ రంగుల్లో వేస్తామని మొదలుపెట్టి, చాలామంది చివరికి ఈకలు మాత్రమే వేసి వదిలేస్తున్నారు. పిట్ట ఉండదు, దాని బరువు అసలే ఉండదు. బ్రష్ పట్టే ముందు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం సైట్‌కి వెళ్లి, డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1639 ప్రాంతంలో వేసిన చచ్చిన నెమళ్ల బొమ్మ పెద్ద సైజులో తెరిచి చూడండి. వేలాడే నెమలి రెక్కలు ఎలా విచ్చుకున్నాయో గమనించండి. ఇలాంటి వేటపిట్టల్ని వేసిన ఆనాటి డచ్ చిత్రకారులు యాన్ వీనిక్స్, విల్లెం వాన్ ఆల్స్ట్ బొమ్మలు కూడా చూడాల్సిందే.

సామాను మామూలే. కాన్వాస్, లిన్సీడ్ ఆయిల్, టర్పెంటైన్, రా అంబర్ (ముదురు గోధుమ), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), నలుపు, తెలుపు రంగులు. అక్రిలిక్ మాత్రం వద్దు, నిమిషాల్లో ఆరిపోతుంది, అంచులు కలపడానికి టైమ్ ఇవ్వదు. మోడల్‌గా నాటుకోడిని ఈకలు పీకకుండా అడిగి తెచ్చుకోండి. మన దగ్గర నెమళ్లు, కౌజు పిట్టల్ని వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాన్వాస్‌కి గోధుమరంగు పూత వేసి, ఒక్క కాలికి తాడు కట్టి వేలాడదీసిన కోడిని స్కెచ్ చేసి, అంబర్, తెలుపుతో వెలుగునీడలు పరిచి ఆరనివ్వండి. వెలుగు ఎడమ నుంచే రావాలి.

పక్కన వస్తువు ఒక్కటే పెట్టండి. ఆ రోజుల్లో హాలండ్‌లో వేట కులీనుల హక్కు, ఆ హోదా కావాలనుకున్న డబ్బున్న వ్యాపారులు ఇలాంటి బొమ్మలు కొనేవాళ్లు, అందుకే వాటిలో వేటబూర, వేట డేగ తలకు తొడిగే ముసుగు, ఖరీదైన సంచి కనిపిస్తాయి. అన్నీ ఇరికిస్తే పిట్ట చిన్నబోతుంది.

అసలు కష్టం ఈకలు. తలకిందులుగా వేలాడే పిట్టకు ఈకల కొనలు పైకి, తోక వైపు ఉంటాయి కాబట్టి బరువుకు ఒంటి నుంచి విడివడి కిందికి వాలతాయి, పొట్ట దగ్గర లోపలి నూగు బయటపడుతుంది. బతికున్న పిట్ట ఫోటోను తిప్పి చూసి వేస్తే ఇది రాదు, అట్టముక్క వేలాడదీసినట్టు ఉంటుంది.

అడుగు పొర ఆరాక, ముందు పిట్టంతా మూడే టోన్లలో వేయండి, వెలుగు, మధ్య, నీడ. ఒక్క ఈక కూడా గీయొద్దు. కళ్లు సగం మూసి చూస్తే గుండ్రంగా కనబడాలి, కనబడకపోతే అక్కడే ఆగి సరిచేయండి, తర్వాత ఎన్ని ఈకలు వేసినా ఆ లోటు తీరదు. రంగు తడిగా ఉండగానే నీడవైపు అంచును మెత్తని పొడి బ్రష్‌తో వెనక చీకట్లోకి లాగేయండి. అక్కడ గీత మిగలకూడదు, చాలా బొమ్మలు పాడయ్యేది ఈ గీత వల్లే.

సన్న బ్రష్ ఇప్పుడు తీయండి. వెలుగు పడే ఛాతీ మీద, రెక్క భుజం దగ్గర మాత్రమే ఈకలు వేయాలి. తోక దగ్గర మొదలుపెట్టి మెడ వైపు రండి, ఎందుకంటే మెడ వైపు ఈక తన వెనక ఈకను కప్పుతుంది. ఒక్కో ఈకకు రెండే దెబ్బలు, మొదట ముదురు, కొనకు లేత. తెల్లటి రంగు ట్యూబ్‌లోంచి నేరుగా పెట్టొద్దు, కాస్త ఆకర్ కలపండి.

కాళ్లు, ముక్కు, కన్ను చివర్లో. పూర్తిగా ఆరాక నీడలో పల్చగా అంబర్ గ్లేజ్, అంటే అడుగు రంగు కనబడేంత పల్చటి పూత ఇవ్వండి. వార్నిష్‌కి మాత్రం ఆర్నెల్లు ఆగండి.