మెసర్‌ష్మిట్ 262: ఎక్కడ మొరాయించింది, ఎందుకు, ఏం చేశారు

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ తయారు చేసిన ఈ జెట్ ఫైటర్ ఆలస్యం కావడానికి హిట్లరే కారణమని, దాన్ని బాంబర్‌గా మార్చమని పట్టుబట్టి చెడగొట్టాడని చాలాచోట్ల రాస్తుంటారు. కానీ టెస్టింగ్‌లో వచ్చిన సమస్యలన్నీ వరసగా పెట్టుకుని చూడండి, తిరిగి తిరిగి ఇంజిన్ దగ్గరికే వచ్చి ఆగుతాయి.

సమస్య: విమానం రెడీ, ఇంజిన్ లేదు

1941 వసంతానికి మొదటి ప్రోటోటైప్ తయారైంది, దానికి పెట్టాల్సిన బీఎండబ్ల్యూ జెట్ ఇంజిన్లు మాత్రం ఇంకా టెస్ట్ బెంచి దిగలేదు. ఊరికే కూర్చోకుండా ముక్కులో మామూలు పిస్టన్ ఇంజిన్, ప్రొపెల్లర్ బిగించి ఏప్రిల్ 18న ఆగ్స్‌బర్గ్‌లో టెస్ట్ పైలట్ ఫ్రిట్జ్ వెండెల్ చేత ఎగిరించేశారు. ఏడాది తర్వాత జెట్‌లు వచ్చినప్పుడు కూడా ఆ పిస్టన్ ఇంజిన్‌ని పీకెయ్యలేదు, అదే కాపాడింది. 1942 మార్చి 25న విమానం గాల్లోకి లేచిన కాసేపటికే జెట్‌లు రెండూ ఆగిపోయాయి, కంప్రెసర్ (లోపలికొచ్చే గాలిని నొక్కే భాగం) బ్లేడ్లు విరిగిపోయాయి. వెండెల్ ప్రొపెల్లర్ మీదే వెనక్కి తెచ్చి దించాడు.

ఇక బీఎండబ్ల్యూని పక్కనపెట్టి యుంకర్స్ కంపెనీ వాళ్ల జెట్ ఇంజిన్ యూమో 004 ఎంచుకున్నారు. (అన్నట్టు, రెక్కల్ని వెనక్కి వంచింది అధిక వేగం కోసమని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి, ఇంజిన్లు అనుకున్నదానికన్నా బరువెక్కడంతో బరువు సమతూకం సరిచేయడానికి అలా వంచారు.)

సమస్య: స్పీడ్ వచ్చింది, తోక లేవడం లేదు

1942 జూలై 18, లైప్‌హైమ్ రన్‌వే. మూడో ప్రోటోటైప్‌లో జెట్‌లు మాత్రమే ఉన్నాయి, ప్రొపెల్లర్ లేదు. తోక కింద చక్రం కాబట్టి విమానం నేల మీద ముక్కు పైకెత్తి కూర్చుంటుంది. ఆ భంగిమలో, విమానం ముక్కుని పైకీ కిందికీ తిప్పడానికి తోక దగ్గరున్న ఎలివేటర్‌కి గాలి సరిగా అందదు, పైగా దాని మీదికి గాలి తోయడానికి ముందు ప్రొపెల్లర్ కూడా లేదాయె, స్టిక్ ఎంత కదిపినా చలనం లేదు.

అప్పటికప్పుడు దొరికిన చిట్కా ఏంటంటే, గంటకు 180 కిలోమీటర్ల దగ్గర బ్రేక్‌ని ఒక్కసారి అలా తాకించి వదిలెయ్యడం. ముక్కు కిందికి ఒరుగుతుంది, తోక లేస్తుంది, ఎలివేటర్ పనిచేస్తుంది. వెండెల్‌కి కుదిరింది, పన్నెండు నిమిషాలు ఎగిరి దిగాడు. ఆగస్టులో ఇంకో పైలట్‌కి అదే చిట్కా కుదరక విమానం రన్‌వే దాటి దెబ్బతింది. పైలట్ చేతి నేర్పు మీద ఆధారపడే పరిష్కారం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఐదో ప్రోటోటైప్‌కి ముక్కు కింద చక్రం పెట్టారు, ఆ గొడవ అక్కడితో తీరింది.

సమస్య: టర్బైన్ బ్లేడ్లు విరుగుతున్నాయి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కేసు ఇదే. 1943లో యూమో ఇంజిన్లు ఫుల్ స్పీడ్‌కి దగ్గరపడగానే టర్బైన్ (మండిన వాయువుల తోపుకి తిరిగే చక్రం) బ్లేడ్లు పగుళ్లిచ్చి ఊడిపోవడం మొదలైంది. లోహం నాసిరకం అనుకోవడం తేలిక, కానీ అసలు దోషం అందులో లేదు. ఇంజిన్‌లో ఆరు దహన గదులు (ఇంధనం మండే గదులు) ఉన్నాయి, కాబట్టి బ్లేడ్ ఒక చుట్టు తిరిగేలోపు ఆరు తోపులు తింటుంది. నిమిషానికి 9,000 చుట్లంటే సెకనుకు 150, అంటే సెకనుకు 900 తోపులు. బ్లేడ్ సహజంగా కంపించే వేగం కూడా దాదాపు అంతే ఉండటంతో కంపనం పెరిగి పెరిగి బ్లేడ్ తెగిపోతోంది.

ఇది తేల్చడానికి చెవి బాగున్న ఒక సంగీతకారుణ్ణి పిలిపించి, బ్లేడ్ల అంచుల మీద వయొలిన్ కమాను లాగించి, ఏ బ్లేడ్ ఏ స్థాయిలో పలుకుతుందో విన్నారు! మందు చాలా చిన్నది: బ్లేడ్‌ని ఒక మిల్లీమీటరు పొట్టి చేసి, కొసవైపు ఇంకొంచెం సన్నబరిచి, గరిష్ఠ వేగాన్ని 9,000 నుంచి 8,700కి దించారు.

సమస్య: కొత్త ఇంజిన్ కొన్ని గంటలకే చేతులెత్తేస్తోంది

కారణం వేడికి తట్టుకునే ఉక్కుకి కావాల్సిన నికెల్, క్రోమియం కొరత. దహన గదుల్ని అల్యూమినియం పూత వేసిన మామూలు ఉక్కు రేకుతో చేశారు, బ్లేడ్లని బోలుగా చేసి లోపల గాలి పంపి చల్లబరిచారు. అయినా ఇంజిన్ ఆయుష్షు కాగితం మీదే 25 గంటలు, చాలావాటికి అదీ దక్కలేదు. దీనికి పూర్తి పరిష్కారం దొరకలేదు, పాడైంది తీసి కొత్తది బిగించడమే.

సమస్య: త్రాటిల్ తోస్తే మంట ఆరిపోతోంది, లేదా ఇంజిన్ అంటుకుంటోంది

త్రాటిల్ అంటే ఇంజిన్‌కి ఇంధనం పెంచి తగ్గించే లివర్. దాన్ని గబుక్కున తోస్తే గాలి పెరిగేలోపే ఇంధనం ఎక్కువ పడుతోంది. నిమిషానికి 6,000 చుట్లు దాటేదాకా త్రాటిల్‌ని నిదానంగా, చాలా నిదానంగా కదపాలని పైలట్లకి నూరిపోశారు. స్టార్ట్ చేయడమూ ఓ తంతే: ఇంజిన్ ముక్కులో బుల్లి టూ-స్ట్రోక్ మోటారు ఉంటుంది, అవసరమైతే ముందున్న రింగు పట్టుకుని, పెట్రోల్ జనరేటర్ తాడు లాగినట్టు మెకానిక్ లాగాల్సిందే. ఇక దిగేటప్పుడు ఒకసారి త్రాటిల్ తగ్గించాక ఇంజిన్ మళ్లీ వెంటనే పుంజుకోదు కాబట్టి శత్రు ఫైటర్లు సరిగ్గా అక్కడే కాపుకాసేవి. దానికి విరుగుడుగా ఎయిర్‌ఫీల్డ్ పైన పిస్టన్ ఇంజిన్ ఫోకె-వుల్ఫ్ 190లని కాపలా తిప్పారు, అంటే జెట్‌ని కాపాడటానికి ప్రొపెల్లర్ విమానం.

సమస్య: యుద్ధానికి ఆలస్యంగా వచ్చింది

హిట్లర్ బాంబర్ సంగతి ఎత్తింది 1943 నవంబరులో. యూమో 004 పెద్ద ఎత్తున తయారీకి ఖరారైంది 1944 వేసవిలో. ఆయన నోరు మెదపకపోయినా అంతకుముందు స్క్వాడ్రన్లకి పంచడానికి సరిపడా ఇంజిన్లు లేవు.