ఒంటరి డెవలపర్ తన సాఫ్ట్‌వేర్‌ను దారి మళ్లించడం ఎలా?

ఒక్కరే కూర్చుని రాసుకున్న సాఫ్ట్‌వేర్‌ను ఏడాది తిరగకముందే మరో దారికి, అంటే వేరే అవసరం తీర్చేలా, మళ్లించవలసి రావడం వింతేమీ కాదు. నేను మూడుసార్లు మళ్లించాను. మొదటిసారి పూర్తిగా చెడగొట్టుకున్నాను. ఆ తర్వాత ఎవరిని చూసినా నాటి నా తప్పే చేస్తున్నారు. ఆదివారం రాత్రి ఆలోచన తడుతుంది, సోమవారం ఉదయానికి కొత్త రిపో (కోడ్‌ను దాచుకునే చోటు) తయారవుతుంది, పాత యాప్‌ను వాడుతున్న పన్నెండు మందికి మాటమాత్రంగానైనా చెప్పరు.

కావలసినవి కొద్దే: సర్వర్ లాగ్‌లు (ఎవరు ఏ పేజీ తెరిచారో సర్వర్ రాసిపెట్టుకునే చిట్టా), వాడుకరుల ఫోన్ నంబర్లు, మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే డబ్బు, ఒక నోటుపుస్తకం. పుస్తకం కాగితానిదే అయి ఉండాలి. ల్యాప్‌టాప్ తెరిస్తే చేతులు కోడ్ వైపే పోతాయి.

ముందుగా, ఉన్న కోడ్‌కు గిట్‌లో (కోడ్ మార్పులను భద్రపరిచే పరికరం) ఒక ట్యాగ్, అంటే తిరిగి రావడానికి ఒక గుర్తు, వేసి, డేటాబేస్‌కు బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్‌ను వేరే యంత్రంపై ఒకసారి తెరిచి చూసుకోవాలి. తర్వాత గత 30 రోజుల లాగ్‌ల నుంచి ఎవరు ఏ పేజీని ఎన్నిసార్లు తెరిచారో మనిషి మనిషికీ విడిగా రాసుకోవాలి. పన్నెండు మందికి సగటు కట్టడం దండగ. ఈ రెండు పనులూ ఒక పూటలో అయిపోతాయి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఏ పేజీ తెరిచారో లాగ్ చెబుతుంది కానీ, ఎందుకు తెరిచారో చెప్పదు. నేను ట్యూషన్ సెంటర్ల కోసం హాజరు, మార్కుల యాప్ ఒకటి రాశాను. హాజరు పేజీని ఎవరూ ముట్టుకోలేదు. ప్రతి నెలా ఒకటి నుంచి పదో తారీఖు వరకు ఫీజు బకాయిల పేజీని మాత్రం తెగ తెరిచేవారు. యూపీఐ ద్వారా ఫీజు కట్టించుకునే సదుపాయం కావాలేమోనని తేల్చేసుకుని, రెండు నెలల పనికి ప్రణాళిక కూడా వేసుకున్నాను. ఆ పనికి దిగేముందు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మాస్టారి దగ్గర ఒక సాయంత్రమంతా కూర్చోవడం వల్ల బతికిపోయాను. ఆయన బకాయిల పేజీ తెరిచి, అందులోని పేర్లను పొడుగు పుస్తకంలోకి ఎక్కించుకుని, తల్లిదండ్రులకు వరుసగా ఫోన్ చేస్తూ, వారు చెప్పిన వాయిదాను పేరు పక్కన ఎర్ర పెన్నుతో రాసుకుంటున్నారు: "7, జీతం పడ్డాక", "చిట్టీ ఎత్తాక". బకాయిలు పేరుకుపోతున్నది డబ్బు కట్టే దారి లేక కాదు, ఎవరికి ఏ రోజు మళ్లీ ఫోన్ చేయాలో మాస్టారికి గుర్తుండక. ఆ ఎర్ర పెన్ను గడి నా యాప్‌లో లేదు.

కనుక "ఈ సదుపాయం పెడితే వాడతారా?" అని ఎప్పుడూ అడగకూడదు. వచ్చిన మనిషికి టీ ఇప్పించి "తప్పకుండా బాబూ" అనడం మనవాళ్ల మర్యాద; ఆ మర్యాదను ఆర్డరుగా లెక్క వేసుకున్నవారు ఆరు నెలలు పోగొట్టుకుంటారు. "క్రిందటి నెల ఈ పని ఎలా చేశారో చూపించండి" అని అడిగి, ఆపైన నోరు మెదపకూడదు. వారు తప్పు బటన్ నొక్కినా సరిదిద్దకూడదు. ఐదుగురి దగ్గరకు వెళ్లాలి, నలుగురు చాలరు. వారిలో ముగ్గురు ఒకే చాకిరీని చేత్తో చేస్తూ కనిపిస్తే అదే దారి. ఐదుగురూ ఐదు రకాలుగా చేస్తుంటే మళ్లే వేళ ఇంకా రాలేదు. గూగుల్ ఫారంతో సర్వే చేస్తే సరిపోదా అని నన్ను చాలామంది అడిగారు. సరిపోదు. ఎర్ర పెన్ను సంగతిని ఎవరూ ఫారంలో నింపరు, ఎందుకంటే చేసేవారికి అది ఒక పనిగానే తోచదు. గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆటను 2012లో మూసివేసిన బృందం ఆ తర్వాత ఆఫీసు సందేశాల యాప్ స్లాక్‌ను తెచ్చిందని అందరూ ఉదాహరణగా చెబుతారు. అయితే ఆట తయారుచేసే రోజుల్లోనే వారు తమలో తాము అటువంటి సందేశాల పరికరాన్ని వాడుకుంటూ ఉండేవారన్న మాటను మాత్రం వదిలేస్తారు.

దారి కనబడగానే కోడ్ రాయకూడదు. ఒక నెలపాటు ఆ పనిని చేత్తో చేసిపెట్టి, అందుకు డబ్బు తీసుకోవాలి. నేను రోజూ ఉదయం ఎనిమిదికి, ఆ రోజు ఫోన్ చేయవలసిన వారి జాబితాను స్ప్రెడ్‌షీట్‌లోంచి తీసి వాట్సాప్‌లో పంపేవాడిని. నెలకు 300 రూపాయలు. ఉచితంగా ఇచ్చినదానికి వచ్చే మెప్పును నేను లెక్కలోకి తీసుకోను. ఐదుగురిలో ముగ్గురు రెండో నెలకు కూడా కట్టాకే కీబోర్డు ముట్టుకున్నాను.

కోడ్‌ను పాత రిపోలోనే రాయాలి. నెట్‌స్కేప్ తన బ్రౌజర్‌ను మొదటినుంచి తిరగరాయడానికి 1998లో పూనుకుని, తర్వాతి పెద్ద వెర్షన్‌ను 2000 నవంబరులో గాని తేలేకపోయింది. ఒంటరి మనిషికి అంత తీరిక ఉండదు. అక్కరలేని పేజీలను మెనూలోంచి తీసేస్తే చాలు, వాటి డేటా ఉండే డేటాబేస్ టేబుళ్లను అప్పుడే తుడవకూడదు. పేరు, లోగో మార్చడం అన్నిటికన్నా చివరి పని.

పాత వాడుకరులకు మెయిల్ పంపి ఊరుకోకుండా ఫోన్ చేసి చెప్పాలి. 60 రోజుల గడువిచ్చి, వారి మార్కుల పట్టికలన్నీ ఎక్సెల్ ఫైలుగా అప్పగించాలి. గడువు ముగిశాక, కొత్త దారిలో వెంట రానివారి పిల్లల వివరాలను తుడిచివేయాలి. అవసరం తీరిన వ్యక్తిగత వివరాలను తొలగించమని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చెబుతోంది. చాలామంది సర్వర్‌లోని టేబుళ్లను తుడిచి, మొదటి రోజు వేరే యంత్రంపైకి తీసిన బ్యాకప్‌ను మరిచిపోతారు. దాన్ని కూడా తుడవాలి.