డయాలసిస్‌లో రెండు రోజుల విరామం: గుండె విషయంలో ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తలు

వారానికి మూడుసార్లు హీమోడయాలసిస్ (కిడ్నీలు పనిచేయనప్పుడు యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేయడం) చేయించుకునేవారికి ప్రతి వారం ఒకసారి రెండు రోజుల విరామం తప్పదు. అమెరికాలో 32,065 మంది రోగుల వివరాలను పరిశీలించి 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన అధ్యయనంలో, ఈ విరామం తరువాతి రోజున గుండె సంబంధిత మరణాల రేటు నూరు మందికి ఏడాదికి 10.2గా, మిగిలిన రోజుల్లో 7.5గా తేలింది. అంటే ముప్పు ఎప్పుడు పెరుగుతుందో ముందే తెలుసు కనుక, దానికి ముందే సిద్ధపడవచ్చు.

ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పడానికి సాధారణ ప్రజల కోసం తయారైన గుండెజబ్బు స్కోర్లు ఇక్కడ సరిపోవు. అవి ప్రధానంగా రక్తనాళాల పూడికను దృష్టిలో పెట్టుకున్నవి. డయాలసిస్ రోగుల్లో హఠాన్మరణాలకు ఎక్కువగా గుండె లయ తప్పడమే కారణమవుతుంది. పైగా వీరిలో కొలెస్ట్రాల్ తక్కువగా ఉండటం ఆరోగ్యానికి కాక పోషకాహార లోపానికి గుర్తు కావచ్చు. అందువల్ల వైద్యులు ఎకోలో (గుండె స్కానింగ్‌లో) ఎడమ జఠరిక (ఒంటికంతటికీ రక్తాన్ని పంపే గుండె గది) గోడ మందం, పంపింగ్ శక్తి, ఈసీజీలో క్యూటీ వ్యవధి (ప్రతి స్పందనలో గుండె కింది గదులు విద్యుత్ పరంగా ఉత్తేజితమై తిరిగి సిద్ధం కావడానికి పట్టే సమయం), రక్తంలో ఆల్బుమిన్ (పోషణ స్థితిని సూచించే ప్రొటీన్), పొటాషియం, డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోయే తీరు, వీటన్నిటినీ కలిపి చూస్తారు. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రొటీన్) వీరిలో ఛాతీనొప్పి లేకపోయినా ఎక్కువగానే ఉండవచ్చు. కాబట్టి నిలకడగా ఉన్నప్పటి విలువను ఫైలులో రాయించి ఉంచుకోవాలి. అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్ళిన రోజున పోల్చి చూడటానికి అది ఎంతో అక్కరకు వస్తుంది.

విరామంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒంట్లో చేరే నీరు. మిషన్ గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్లకు మించి నీరు తీసినప్పుడు మరణ ముప్పు పెరుగుతున్నట్టు అధ్యయనాలు చూపాయి. 60 కిలోల మనిషికి ఆ లెక్కన నాలుగు గంటల్లో తీయగలిగేది సుమారు 3.1 లీటర్లే. అంతకు మించి పేరుకుంటే, వేగంగా లాగినందువల్ల బీపీ పడిపోయి గుండె కండరానికి రక్తం తగ్గుతుంది. దాహాన్ని ఓర్చుకోమని రోగిని మందలించడం కన్నా ఉప్పు తగ్గించడం మేలు, ఎందుకంటే దాహానికి మూలం అదే. బరువు మరీ పెరిగితే సెషన్ సమయం పెంచమనీ, అదనపు సెషన్ ఇవ్వమనీ వైద్యుణ్ణి అడగడానికి సంకోచించకూడదు.

సోడియం తక్కువని అమ్మే ప్రత్యామ్నాయ ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కిడ్నీలు బయటికి పంపలేని పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పవచ్చు కనుక వాటిని వాడరాదు. అజిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఆన్‌డాన్సెట్రాన్ (వాంతుల మందు) వంటివి క్యూటీ వ్యవధిని పెంచి గుండె లయ తప్పించగలవు కాబట్టి, జ్వరానికో వాంతులకో వేరే వైద్యుడు మందు రాసినప్పుడు డయాలసిస్ సంగతి తప్పక చెప్పాలి.

ప్రయాణం, శుభకార్యం వంటి కారణాలతో విరామం తరువాతి సెషన్‌ను మాత్రం ఎన్నడూ వాయిదా వేయరాదు. వేరే ఊరు వెళ్ళవలసివస్తే అక్కడి కేంద్రంలో ముందే సమయం ఖాయం చేసుకోవాలి. మధుమేహం ఉన్నవారిలో గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. పడుకుంటే ఆయాసం, కాళ్ళూ చేతుల్లో హఠాత్తుగా నిస్సత్తువ, గుండె దడ, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా మర్నాటి సెషన్ కోసం ఎదురుచూడక, ఈసీజీ, పొటాషియం పరీక్ష వెంటనే చేయగల అత్యవసర విభాగానికి రాత్రివేళైనా సరే తీసుకువెళ్ళాలి.