ఎక్స్‌కవేటర్ లాగడం లేదా? పంప్ మార్చే ముందు ఇవి చూడండి

"బండి లాగడం లేదు" అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు జబ్బులుంటాయి. బకెట్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా నెమ్మదిగా కదులుతుంటే ఫ్లో తగ్గినట్టు, అంటే హైడ్రాలిక్ పంప్ నుంచి సిలిండర్లకు నిమిషానికి అందాల్సినంత ఆయిల్ అందడం లేదు. వేగం బాగానే ఉండి, గట్టి నేల తగలగానే ఆగిపోతుంటే ప్రెజర్ చాలడం లేదు. ఈ తేడా ఆపరేటర్‌ని అడిగి తెలుసుకున్నాకే స్పానర్ పట్టుకోండి.

ఏది విప్పాలన్నా ముందు బకెట్ నేలకు ఆనించి, ఇంజిన్ ఆపి, మాన్యువల్‌లో చెప్పినట్టు లైన్లలో మిగిలిన ప్రెజర్ వదిలేయాలి. 20 టన్నుల మెషీన్‌లో మెయిన్ ప్రెజర్ సుమారు 350 బార్ ఉంటుంది. సన్నటి లీకును చేత్తో తడిమితే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, కానీ క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది. లీకు ఎక్కడుందో అట్టముక్కతో వెతకండి, దయచేసి.

అన్ని కదలికలూ నెమ్మదించాయి

అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవాటినే చూడాలి: ఆయిల్ లెవెల్, ఇంజిన్ ఆర్‌పీఎం, సక్షన్ స్ట్రైనర్ (టాంక్ నుంచి పంప్ ఆయిల్ పీల్చే దారిలోని జల్లెడ), ఆ తర్వాతే పంప్. ఒక్క ఆర్మ్ మాత్రమే నెమ్మదిస్తే ముందు దాని స్పూల్ (కంట్రోల్ వాల్వ్‌లో ఆయిల్‌ను మళ్లించే కడ్డీ), దాని సిలిండర్ చూడండి.

పంప్ అరుస్తోంది

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. సన్నగా, ఆగకుండా కీచుమంటే కావిటేషన్ అని అనుమానించండి. పంప్‌కి ఆయిల్ చాలక, సక్షన్‌లో ప్రెజర్ పడిపోయి, ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. అవి ప్రెజర్ వైపు చేరి పగిలినప్పుడల్లా లోహాన్ని కొద్దికొద్దిగా కొరికేస్తాయి. స్ట్రైనర్ మూసుకుపోవడం, టాంక్ బ్రీదర్ (టాంక్‌లోకి గాలి వెళ్లే మూత) మూసుకుపోవడం, చలిలో ఆయిల్ చిక్కబడటం దీనికి కారణాలు.

గోళీలు దొర్లినట్టు గలగలమంటూ, టాంక్‌లో నురగ కనిపిస్తే అది ఎయిరేషన్. బయటి గాలి లోపలికి చేరుతోంది. సక్షన్ హోస్ క్లాంపులు, ఓ-రింగులు చూడండి. ఆ పైపులో ప్రెజర్ తక్కువ కాబట్టి ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ బయటికి కారదు, గాలే లోపలికి వెళుతుంది. అందుకే ఈ లీకు కంటికి కనిపించదు. పంప్ మార్చినా అరుపు పోని బండిలో క్లాంప్ ఒక్కటి బిగిస్తే సరిపోయింది, నేను కళ్లారా చూశాను.

ఆయిల్ పాలలా ఉంటే గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. తేటపడితే గాలి. తెల్లగానే ఉండిపోతే నీళ్లు కలిశాయి, ఆ ఆయిల్ మార్చాల్సిందే.

వేడెక్కాక బలం తగ్గుతోంది

పల్చబడిన ఆయిల్ అరిగిన భాగాల సందుల్లోంచి జారిపోతుంది. కేస్ డ్రెయిన్ ఫ్లో, అంటే పంప్ లోపలే జారి టాంక్‌కి తిరిగిపోయే ఆయిల్, ఎంతుందో కొలవండి. మాన్యువల్‌లోని హద్దు దాటితేనే పంప్ అరిగిందనుకోవాలి. హద్దులోనే ఉంటే ప్రెజర్ గేజ్ పెట్టి రిలీఫ్ వాల్వ్ (ప్రెజర్ హద్దు దాటితే ఆయిల్‌ను టాంక్‌కి వదిలేది) చూడండి. అందులో చెత్త ఇరుక్కుని పూర్తిగా మూసుకోకపోయినా ప్రెజర్ పెరగదు. గేజ్ లేకుండా మాత్రం దాని స్క్రూ తిప్పకండి.

ఆపి ఉంచిన బూమ్ (బండికి తగిలించిన పెద్ద చేయి) దానంతటదే దిగుతోంది

దీన్ని డ్రిఫ్ట్ అంటారు. పిస్టన్ సీల్, కంట్రోల్ వాల్వ్ స్పూల్, హోల్డింగ్ వాల్వ్ (బూమ్‌ను కిందికి దిగకుండా ఆపేది), ఈ మూడింటిలో ఏది వదిలేస్తోందో లీక్ టెస్ట్‌తో తేల్చుకున్నాకే సీల్ కిట్ కొనండి.

చివరికి పంప్ మార్చక తప్పకపోతే, పాత పంప్ రాల్చిన లోహపు పొడి పోయేలా టాంక్, లైన్లు శుభ్రం చేయండి. కొత్తదాని కేసింగ్‌లో తాజా ఆయిల్ నింపాకే ఇంజిన్ స్టార్ట్ చేయండి.