హామ్ రేడియోతో స్కైవార్న్ పరిశీలకులు కావడం ఎలా?

తుఫానులను చూసి కబురందించే స్వచ్ఛంద పరిశీలకుల కోసం అమెరికా జాతీయ వాతావరణ సేవ నడిపే స్కైవార్న్‌లో చేరదలచినవారు ముందుగా స్థానిక వాతావరణ కార్యాలయం ఉచితంగా ఇచ్చే శిక్షణ పొందాలి. హామ్ రేడియోలో, అంటే ఔత్సాహికులు వాడే రేడియోలో, మాట్లాడాలంటే అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చే టెక్నీషియన్ లైసెన్సు కావాలి. ఆ పరీక్షలో 35 ప్రశ్నలకు 26 సరైన జవాబులు చాలు. వినడానికి లైసెన్సు అక్కరలేదు గనుక, అంతవరకు స్థానిక రిపీటర్‌ను (రేడియో సంకేతాలను అందుకుని దూరానికి తిరిగి పంపే కేంద్రాన్ని) వింటూ ఉండటం మేలు.

తుఫాను వేళ నెట్ (రేడియోలో అందరూ కలిసి సాగించే సంభాషణ) నడిపేవారి అనుమతితో కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు సంకేతం) చెప్పి, ఎక్కడి నుంచి, ఏ దిక్కున, ఎన్నింటికి, ఏమి చూశారో క్లుప్తంగా తెలపాలి. వడగళ్ల వ్యాసం అంగుళమున్నా, గాలి వేగం గంటకు 58 మైళ్లున్నా తీవ్రమైనవిగానే లెక్కిస్తారు. మేఘం కింద వేలాడే ప్రతి తునకా టోర్నడో కాదు (కొత్తవారు తడబడేది ఇక్కడే). అది గిరగిర తిరుగుతోందా, దాని కింద నేలమీద దుమ్ము లేస్తోందా అని నిదానంగా చూశాకే ఆ మాట పలకాలి. ఉరుము వినబడితే పరిశీలన ఇంటిలోపలి నుంచో, అద్దాలు మూసిన కారులోంచో సాగాలి.