విల్సన్ డిసీజ్ ఉన్న పిల్లల మందులు, టెస్టులు ఇంట్లో ఎలా చూసుకోవాలి

విల్సన్‌లో ఏటీపీ7బీ అనే జీన్ సరిగ్గా పనిచేయదు, దాంతో లివర్ ఎక్కువైన రాగిని బయటికి పంపలేదు, అది లివర్‌లోనూ బ్రెయిన్‌లోనూ పేరుకుపోతుంది. పెన్సిలమైన్ అనే మందు ఆ రాగిని యూరిన్‌లోకి లాగుతుంది, జింక్ మాత్ర ఏమో తిన్నదాంట్లోని రాగిని పేగుల దగ్గరే ఆపుతుంది.

ఈ రెండింట్లో ఏదైనా ఖాళీ కడుపునే వేయాలి, తిండికి గంట ముందు లేదా తిన్న రెండు గంటలకి. రెండూ రాస్తే కలిపి వేయకండి, ఎంత గ్యాప్ ఇవ్వాలో డాక్టర్‌ని అడగండి. పెన్సిలమైన్ రాశారంటే పక్కన విటమిన్ బి6 కూడా ఉండాలి, లేకపోతే గుర్తు చేయండి. మొదలుపెట్టిన కొత్తలో జ్వరం, దద్దుర్లు వచ్చినా, వణుకు ఎక్కువైనా, మాట ముద్దగా అయినా అదే రోజు ఫోన్ చేయండి, సొంతంగా మాత్రం ఆపొద్దు.

అసలు తిప్పలు 24 గంటల యూరిన్ టెస్టుతోనే. పొద్దున 6కి మొదటిసారి పోసింది పారబోయండి, అక్కడ్నుంచి పగలు రాత్రి అంతా ల్యాబ్ వాళ్లిచ్చిన క్యాన్‌లోకే, మర్నాడు 6కి పోసింది కూడా అందులోకే. మధ్యలో ఒక్కసారి క్యాన్‌లో పట్టకుండా వదిలేసినా లెక్క తప్పుతుంది, మళ్లీ మొదట్నుంచి పట్టాల్సిందే, అందుకే బడి లేని ఆదివారం పెట్టుకోండి. పట్టడానికి ప్లాస్టిక్ మగ్గు వాడండి, రాగి ఇత్తడి అసలొద్దు. పెన్సిలమైన్ మీద కుదురుకున్నాక రోజుకి 200 నుంచి 500 మైక్రోగ్రాముల రాగి రావాలి, జింక్ ఒక్కటే అయితే 100 లోపు ఉండాలి. జింక్ మీద ఉన్న పిల్లాడికి నంబర్ పెరిగిందంటే చాలాసార్లు మాత్రలు ఎగ్గొడుతున్నట్టే, తిట్టకుండా కూర్చోబెట్టి అడగండి.

దీంతోపాటు సీబీసీ (బ్లడ్ కౌంట్ టెస్టు), లివర్ టెస్టులు, యూరిన్‌లో ప్రొటీన్ మొదట్లో తరచుగా, తర్వాత ఏడాదికి కనీసం రెండుసార్లు, ఎందుకంటే పెన్సిలమైన్ కిడ్నీల్నీ బ్లడ్ కౌంట్‌నీ దెబ్బతీయొచ్చు.

రాగి చెంబులో రాత్రంతా ఉంచిన నీళ్లు తాగించడం మానేయండి, అమ్మమ్మ ఎంత మంచిదన్నా సరే. కళాయి పోయిన ఇత్తడి గిన్నెల్లో వండొద్దు. లివర్, పీతలు, చాక్లెట్, జీడిపప్పు, పుట్టగొడుగులు మొదటి ఏడాదైనా పక్కన పెట్టండి. పత్యం మందుకి బదులు కాదు.

బాగున్నాడు కదా అని ఒకట్రెండేళ్లకి మందు ఆపేసే ఇళ్లు ఉన్నాయి, అలా ఆపితే లివర్ ఒక్కసారిగా ఫెయిలై ప్రాణం మీదకి రావొచ్చు. ఆపరేషన్ అయినా, పెద్దయ్యాక ప్రెగ్నెన్సీ అయినా డాక్టర్ డోసు తగ్గిస్తారేమోగానీ ఆపరు.

ఇంకోటి, తోడబుట్టిన ప్రతి ఒక్కరికీ 25 శాతం ఛాన్స్ ఉంటుంది, మేనరికం అయినా కాకపోయినా. ఏ లక్షణం లేకపోయినా సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రొటీన్), లివర్ టెస్టులు, కుదిరితే జీన్ టెస్టు ఈ నెల్లోనే చేయించండి, ముందే దొరికితే మందులతోనే లివర్‌ని కాపాడుకోవచ్చు.