బీర, సొర నారుకు పేడ–ఊక కుండీలు

బీర, సొర, కాకర నారును కవర్లోంచి తీసి నాటేసరికి వేర్లు కదిలి సగం వాడిపోతుంటాయి. మా పెరట్లో ఏటా ఇదే తంతు. ఈసారి కవర్లు కొనకుండా పేడ, ఊకతో కుండీలు చేశాను.

మూడు డబ్బాల పచ్చి పేడకు ఒక డబ్బా వడ్ల ఊక. నీళ్లు పోయొద్దు, పేడలో ఉన్న తడి చాలు. పిడకల ముద్దలా బాగా పిసికి, పాత పెరుగు కప్పు లోపల బూడిద చల్లి, చుట్టూ వేలి మందాన అద్దండి. అడుగున పుల్లతో చిల్లు. ఒక పూట ఎండలో పెడితే అంచులు విడతాయి, అప్పుడు బోర్లిస్తే ఊడొస్తుంది. ఇంకో నాలుగైదు రోజులు గలగలలాడేలా ఎండాలి. (వాసనా? ఎండాక ఉండదు.)

మట్టి, ఎరువు నింపి కుండీకో గింజ. రెండు మూడు ఆకులు రాగానే కుండీతో సహా పాతేయండి. అంచు మాత్రం పైకి తేలకూడదు, తేలితే తడిని పీల్చి మొక్కను ఎండగడుతుంది.

మిరప, వంగ నారుకు ఇది పనికిరాదు. అవి నెల పైన పెరగాలి, ఈలోపే కుండీ మెత్తబడి విరిగిపోతుంది.